పాత విండోస్‌ను కొత్త మెషిన్‌లోకి మార్చడానికి క్లోన్‌జిల్లా: ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్త కంప్యూటర్ కొన్న ప్రతివాళ్లకీ ముందుగా వినబడే సలహా "ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా ఎక్కించుకో" అని. ఇంట్లో సినిమాలు చూసుకునే లాప్‌టాప్‌కి అది మంచి మాటే. డీటీపీ సెంటర్ సంగతి వేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ల తరబడి పోగుచేసిన ఫాంట్లు, ప్రింటర్ మార్జిన్లు అన్నీ ఒకదానితో ఒకటి సర్దుకుని నడుస్తున్న మెషిన్ అది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని సీడీ, కీ ఇప్పుడు ఎంతమంది దగ్గర భద్రంగా ఉన్నాయి? ఆడిటర్ ఆఫీసులో టాలీ ఉన్న సిస్టమ్, ల్యాబ్‌లో అనలైజర్‌కి కట్టేసి ఉంచిన సిస్టమ్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ముగిసింది కాబట్టి ఇలాంటి పాత మెషిన్లను మార్చక తప్పని పరిస్థితి చాలామందికి వచ్చింది. ఉన్న విండోస్‌ను ఉన్నట్టే కొత్త మెషిన్‌లోకి తెచ్చుకుని, అక్కడ నిలకడగా నడిచాక విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేసుకునే దారి ఒకటుంది. ఆ దారిలో నేను ముందుగా సూచించే పరికరం క్లోన్‌జిల్లా, డిస్క్‌ను మొత్తంగా కాపీ చేసే ప్రోగ్రాం.

ఇది తైవాన్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ హై-పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్‌లో స్టీవెన్ షియావ్ బృందం తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. జీపీఎల్ లైసెన్స్, పైసా ఖర్చు లేదు, యాడ్స్ లేవు. "ప్రో కొంటేనే రీస్టోర్ అవుతుంది" అని చివర్లో అడ్డం పడే బాపతు కాదు. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేస్తే చాలు, దేనిలోనూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. లోపల అసలు పని చేసేది పార్ట్‌క్లోన్ అనే ప్రోగ్రాం. అది పార్టిషన్‌లో (డిస్క్‌లో విడదీసిన ఒక భాగంలో) డేటా ఉన్న బ్లాకులను మాత్రమే చదువుతుంది. 500 జీబీ డిస్క్‌లో 90 జీబీ వాడి ఉంటే ఆ 90 జీబీనే చదివి, కుదించి దాస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లు (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు) అన్నీ దానికి తెలుసు. తెలియని పార్టిషన్ ఎదురైతే డీడీ పద్ధతిలో ఖాళీ జాగాతో సహా మొత్తం కాపీ చేస్తుంది.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. క్లోన్‌జిల్లా చేసేది డిస్క్‌ను తుచ తప్పకుండా కాపీ చేయడం. కొత్త మదర్‌బోర్డ్ ఏది, దాని స్టోరేజ్ కంట్రోలర్‌కి ఏ డ్రైవర్ కావాలి, బూట్ అయ్యేది పాత బయోస్ పద్ధతిలోనా యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలోనా అన్నది అది పట్టించుకోదు. "క్లోన్‌జిల్లా పనిచేయలేదు, బ్లూ స్క్రీన్ వస్తోంది" అన్న ఫిర్యాదులు ఎక్కువగా ఈ తేడా తెలియక వచ్చేవే. కాపీ సరిగ్గానే అయి ఉంటుంది. కాపీకి ముందు పాత మెషిన్‌లో చేయాల్సిన సర్దుబాటు జరగలేదు, అంతే. అందుకే ఈ రివ్యూలో సాఫ్ట్‌వేర్ గురించి ఎంత ఉందో, దాని చుట్టూ ఉన్న పని గురించి అంతకంటే ఎక్కువ ఉంది.

కాపీకి ముందు పాత మెషిన్‌లో

మొట్టమొదట డిస్క్‌కి తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంచే బిట్‌లాకర్ చూడండి. విండోస్ 11తో వచ్చిన లాప్‌టాప్‌లలో, కొన్ని విండోస్ 10 లాప్‌టాప్‌లలో కూడా, యజమానికి తెలియకుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. దాని తాళంచెవి పాత బోర్డ్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. డిస్క్ కొత్త మెషిన్‌కి వెళ్లగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పైగా ఎన్‌క్రిప్ట్ అయిన పార్టిషన్‌లో ఏది ఖాళీయో పార్ట్‌క్లోన్‌కి తెలియదు కాబట్టి 500 జీబీకి 500 జీబీ మోయాల్సి వస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మేనేజ్-బీడీఈ కమాండ్‌కి స్టేటస్ జోడిస్తే సంగతి తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే పూర్తిగా ఆఫ్ చేయాలి. "సస్పెండ్" చేస్తే చాలదు, డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ అయిన శాతం సున్నాకి వచ్చేదాకా ఆగండి. పాత హార్డ్ డిస్క్ అయితే దీనికి గంటలు పడుతుంది.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 10లో "షట్ డౌన్" నొక్కితే కెర్నల్ నిజంగా మూతపడదు, సగం హైబర్నేట్ అవుతుంది. ఆ స్థితిలో ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ శుభ్రంగా మూసినట్టు లెక్క కాదు, పార్ట్‌క్లోన్ అక్కడే ఎర్రర్ చూపించి ఆగుతుంది. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ పూర్తిగా ఆఫ్ చేసేస్తే రెండు లాభాలు: ఈ గొడవ పోతుంది, ర్యామ్‌ను బట్టి కొన్ని జీబీల హైబర్నేషన్ ఫైల్ కూడా పోతుంది. ఆ తర్వాత సీ డ్రైవ్‌కి చెక్‌డిస్క్‌ను "ఎఫ్" ఆప్షన్‌తో ఒకసారి నడపండి.

మూడోది లాగిన్. విండోస్ హలో పిన్ కూడా టీపీఎంకి ముడిపడిందే, బోర్డ్ మారితే పనిచేయదు. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి అసలు పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. కాపీకి ముందే పాస్‌వర్డ్ ఉన్న లోకల్ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఒకటి సృష్టించి, ఒకసారి దానిలో లాగిన్ అయి చూసుకోండి. ఇది రెండు నిమిషాల పని. చేయకపోతే మాత్రం కొత్త మెషిన్‌లో లాగిన్ స్క్రీన్ దగ్గర కూర్చుండిపోతారు.

నాలుగోది లైసెన్సులు. టాలీ లాంటివి పాత హార్డ్‌వేర్ గుర్తులతో యాక్టివేట్ అయి ఉంటాయి. టాలీ ప్రైమ్‌లో లైసెన్స్ సరెండర్ చేసే ఆప్షన్ ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఉండగా పాత మెషిన్‌లో సరెండర్ చేసి, ఆ తర్వాతే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి ఫైళ్ల రూపంలో కాపీ) తీయండి. కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. యూఎస్‌బీ లాక్‌తో నడిచే సాఫ్ట్‌వేర్లకు, జీఎస్టీ ఫైలింగ్‌కి వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లకు ఈ బెడద లేదు, పీకి కొత్త మెషిన్‌కి గుచ్చుకోవడమే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది స్టోరేజ్ డ్రైవర్. పాత మెషిన్‌లో విండోస్ సాటా పద్ధతిలో కలిపిన హార్డ్ డిస్క్ నుంచి లేచింది, కొత్తదానిలో ఎన్‌వీఎంఈ అనే వేరే పద్ధతిలో కలిపిన ఎస్ఎస్‌డీ నుంచి లేవాలి అనుకుందాం. విండోస్ 10లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ లోపలే ఉంది. కానీ ఆ మెషిన్‌లో అవసరం పడలేదు కనుక బూట్ సమయంలో దాన్ని లోడ్ చేయకుండా విండోస్ పక్కన పెడుతుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో స్టార్ట్‌ఓవర్‌రైడ్ అనే కీ ఆ పని చేస్తుంది. ఫలితం ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్, అంటే 7బీ బ్లూ స్క్రీన్. దీనికి సులువైన మందు సేఫ్ మోడ్. పాత మెషిన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ - మినిమల్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేయకుండా షట్ డౌన్ చేసి, అదే స్థితిలో ఇమేజ్ తీయండి. సేఫ్ మోడ్‌లో విండోస్ తన దగ్గరున్న బూట్ డ్రైవర్లన్నిటినీ ప్రయత్నిస్తుంది. కొత్త మెషిన్‌లో మొదటిసారి లేచి, ఏ డ్రైవర్ కావాలో గుర్తుపట్టాక, ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేసుకోవచ్చు.

ఈ చిట్కా పనిచేయని చోటు ఒకటుంది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన లాప్‌టాప్‌లలో చాలావాటికి బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ కంపెనీ నుంచే ఆన్ అయి వస్తుంది. ఎస్ఎస్‌డీ దాని వెనక దాక్కుంటుంది. వీఎండీ డ్రైవర్ విండోస్ 10లో అసలే లేదు. సేఫ్ మోడ్‌లోనైనా లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇక్కడే జనం తికమక పడేది. లినక్స్ కెర్నల్‌లో వీఎండీ డ్రైవర్ ఉంది కాబట్టి క్లోన్‌జిల్లాకి డిస్క్ చక్కగా కనబడుతుంది, రీస్టోర్ కూడా పూర్తవుతుంది. తీరా విండోస్ లేపితే బ్లూ స్క్రీన్. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసే వీలుంటే ఆఫ్ చేయడం సులువు. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ సెట్టింగ్ కనబడదు. అప్పుడు తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ఐఎన్ఎఫ్ ఫైళ్లుగా విడదీసిన రూపంలో తెచ్చుకోండి, ఈఎక్స్ఈ రూపంలో ఉన్నది ఇక్కడ పనికిరాదు. విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్మ్ కమాండ్‌తో ఆ డ్రైవర్‌ను డిస్క్ మీదున్న విండోస్‌లోకి ఎక్కించాలి. అదే బూట్‌లో డిస్క్ కనబడటానికి కూడా ముందు ఆ డ్రైవర్‌ను లోడ్ చేసుకోవాల్సి రావచ్చు.

ఇమేజ్ తీయడం

క్లోన్‌జిల్లాను డౌన్‌లోడ్ చేసుకునే ఐఎస్ఓ ఫైల్ 500 ఎంబీ అటూఇటూ ఉంటుంది. రూఫస్‌తోనో, బలేనా ఎచర్‌తోనో పెన్ డ్రైవ్‌కి ఎక్కించండి. ఐఎస్ఓలను నేరుగా బూట్ చేసే వెంటాయ్ పెన్ డ్రైవ్ ఉన్నవాళ్లు అందులోకి ఫైల్ కాపీ చేసుకుంటే చాలు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్ లేవకుండా ఆపే సెట్టింగ్) దగ్గర ఇబ్బంది పెడితే తాత్కాలికంగా ఆఫ్ చేయండి, లేదా ఉబుంటు ఆధారంగా వచ్చే ప్రత్యామ్నాయ వెర్షన్ వాడండి. యూఎస్‌బీ పోర్ట్ ఒక్కటే ఉన్న చిన్న లాప్‌టాప్ అయితే బూట్ మెనూలో "టు ర్యామ్" ఎంచుకోండి. సిస్టమ్ మొత్తం ర్యామ్‌లోకి వచ్చాక పెన్ డ్రైవ్ పీకేసి అదే పోర్ట్‌కి ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించుకోవచ్చు. ఇది చాలామందికి తెలియని సౌకర్యం.

డిస్క్ నుంచి డిస్క్‌కి నేరుగా కాపీ చేసే దారి, డిస్క్‌ను ఇమేజ్ ఫైళ్లుగా దాచి తర్వాత రీస్టోర్ చేసే దారి రెండూ ఉన్నాయి. మెషిన్ మారుతున్నప్పుడు ఇమేజ్ దారే మేలు. ఏదన్నా తప్పితే పాత డిస్క్ జోలికి వెళ్లకుండా మళ్లీ రీస్టోర్ చేసుకోవచ్చు, అదే బ్యాకప్‌గానూ మిగులుతుంది. ఇమేజ్ దాచడానికి ఎన్‌టీఎఫ్ఎస్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ చాలు. డిస్క్‌లో వాడిన జాగా ఎంతో అంత ఖాళీ చూసుకోండి. కుదింపు వల్ల తక్కువే పడుతుంది కానీ, వీడియోలు, ఫొటోలు ఎక్కువగా ఉంటే పెద్దగా కుదించుకుపోదు.

మెనూలో డివైస్-ఇమేజ్, ఆ తర్వాత లోకల్ డెవ్ ఎంచుకోవాలి. అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఐదారు సెకన్లు ఆగితే దాని పేరు జాబితాలోకి వస్తుంది. కంట్రోల్ సీ నొక్కితే తర్వాతి తెరకి వెళుతుంది. ఇమేజ్ ఏ ఫోల్డర్‌లో పెట్టాలో చూపించి, బిగినర్ మోడ్, సేవ్‌డిస్క్ ఎంచుకుని, డిస్క్ పేరు దగ్గర స్పేస్ బార్ నొక్కి ఎంటర్ కొట్టండి. స్పేస్ నొక్కకుండా ఎంటర్ కొడితే ఏదీ ఎంచుకోనట్టే లెక్క. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. చివర్లో "సేవ్ చేసిన ఇమేజ్‌ను తనిఖీ చేయాలా" అని అడుగుతుంది. అవునని చెప్పండి. ఇంకొంత సమయం తీసుకుంటుంది కానీ, పాడైన ఇమేజ్ అని రీస్టోర్ మధ్యలో తెలియడం కంటే ఇక్కడే తెలియడం నయం.

సమయం సంగతి. యూఎస్‌బీ 2 పోర్ట్‌లో ఆచరణలో సెకనుకి 30-35 ఎంబీ వెళుతుంది. అంటే 100 జీబీకి ముప్పావు గంట నుంచి గంట. యూఎస్‌బీ 3లో మామూలు హార్డ్ డిస్క్‌కి సెకనుకి 100 ఎంబీ వస్తే అదే పని 17 నిమిషాల్లో అవుతుంది. నీలం రంగు పోర్ట్ వెతికి అందులో పెట్టండి. వేగం నిమిషానికి ఎన్ని జీబీ అన్న లెక్కలో తెర మీద కనబడుతూనే ఉంటుంది. అది పదేపదే దాదాపు సున్నాకి పడిపోతుంటే పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు ఉన్నట్టు అనుమానించాలి. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో "రెస్క్యూ" అనే ఆప్షన్ చదవలేని సెక్టార్లను వదిలేసి ముందుకు పోతుంది. డిస్క్ నిజంగానే చావుకు దగ్గర్లో ఉంటే మాత్రం క్లోన్‌జిల్లా కంటే ముందు, పాడైన డిస్కుల కోసమే ఉన్న డీడీరెస్క్యూతో కాపీ తీసుకోవడం సరైన పని.

రీస్టోర్, సైజుల గొడవ

కొత్త లాప్‌టాప్‌లో ఏమీ చెరపకముందే దాని డిస్క్‌కి కూడా ఒక ఇమేజ్ తీసి దాచండి. కంపెనీ ఇచ్చిన విండోస్, రికవరీ పార్టిషన్, డ్రైవర్లు అన్నీ అందులో ఉంటాయి. పని కుదరకపోతే అరగంటలో యథాస్థితికి తేవచ్చు. అలాగే కొత్త మెషిన్ వైఫై డ్రైవర్, చిప్‌సెట్ డ్రైవర్ ఒక పెన్ డ్రైవ్‌లో ఉంచుకోండి. వైఫై డ్రైవర్ లేక ఇరుక్కుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్ 10 తనంతట తానే నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది.

రీస్టోర్‌లో క్లోన్‌జిల్లా పెట్టే అసలు షరతు ఒకటే: కొత్త డిస్క్ పాతదానికి సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. ఎంత వాడారన్నది లెక్కలోకి రాదు. 500 జీబీ హార్డ్ డిస్క్‌లో 60 జీబీయే వాడినా 480 జీబీ ఎస్ఎస్‌డీకి పట్టదంటుంది. అందుకే ఎస్ఎస్‌డీ కొనేటప్పుడే చూసుకోండి. 500 జీబీకి బదులు 500 లేదా 512 కొనాలి, 480 కాదు. 1 టీబీకి బదులు 1 టీబీ కొనాలి, 960 కాదు. సికింద్రాబాద్ సీటీసీలోనో, మీ ఊళ్లోని షాపులోనో కొద్ది వందలు తక్కువకి వస్తుందని చిన్నది తీసుకుంటే మిగిలేది ఒక పూట పని.

తప్పనిసరై చిన్నదానికి వెళ్లాలంటే, ఇమేజ్ తీయకముందే పార్టిషన్లన్నిటినీ కొత్త డిస్క్ హద్దులోకి తేవాలి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ ఒక స్థాయి దాటి తగ్గనంటుంది. పేజ్‌ఫైల్, సిస్టమ్ రీస్టోర్ పాయింట్లు మధ్యలో కూర్చుని ఉంటాయి. వాటిని ఆఫ్ చేసి రీస్టార్ట్ చేశాక ప్రయత్నించండి. రికవరీ పార్టిషన్ డిస్క్ చివర్లో ఉంటే జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌తో ముందుకు జరపాలి. ఆ తర్వాత రీస్టోర్‌ను ఎక్స్‌పర్ట్ మోడ్‌లో, డిస్క్ సైజు తనిఖీని వదిలేసే ఐసీడీఎస్ ఆప్షన్‌తో చేయాలి. కె1 ఆప్షన్ ప్రతి పార్టిషన్‌నూ డిస్క్ నిష్పత్తిలో కుదించే రకం కాబట్టి పార్టిషన్ తన ఫైల్‌సిస్టమ్ కంటే చిన్నదైపోయి ఆగిపోయే ప్రమాదముంది. నిజాయితీగా చెప్పాలంటే ఇది క్లోన్‌జిల్లాలో అన్నిటికంటే బలహీనమైన చోటు. ఈ ఒక్క పనికి మాత్రం డబ్బులిచ్చి కొనే మ్యాక్రియం రిఫ్లెక్ట్ సుఖం. దాని ఉచిత వెర్షన్‌ను 2024 జనవరి 1తో ఆపేశారు.

పెద్ద డిస్క్‌కి వెళ్లేటప్పుడు అంత కష్టం లేదు. మామూలు రీస్టోర్ చేసి, మిగిలిన ఖాళీని తర్వాత సీ డ్రైవ్‌కి కలుపుకోవచ్చు. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంటే జీపార్టెడ్‌తో దాన్ని చివరికి జరిపి సీ పెంచండి. అలా కాక కె1 వాడితే ప్రతి పార్టిషన్ నిష్పత్తి ప్రకారం పెరుగుతుంది, రికవరీకి అక్కర్లేని జాగా పోతుంది.

డిస్క్ ఎంచుకునే తెర దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండాలి. ఎస్‌డీఏ, ఎన్‌వీఎంఈ0ఎన్1 లాంటి పేర్ల పక్కన మోడల్, సైజు కూడా చూపిస్తుంది. ముందే కాగితం మీద రాసుకున్న మోడల్‌తో సరిచూసుకోండి. చెరిపే ముందు రెండుసార్లు "వై" అడుగుతుంది. రెండోసారి అడిగినప్పుడు చెయ్యి ఆపి మళ్లీ చదవండి. అవసరం లేని డిస్కులన్నీ ముందే పీకేయడం ఇంకా మంచిది. రీస్టోర్ అయ్యాక పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ తగిలించి బూట్ చేయకండి. రెండిటికీ గుర్తింపు ఒకటే అవుతుంది కాబట్టి విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. లినక్స్ అయితే తప్పు డిస్క్‌ను మౌంట్ చేయొచ్చు, బీటీఆర్ఎఫ్ఎస్ వాడేవాళ్లకి ఇది మరీ ప్రమాదం.

లేవకపోతే

తెర మీద కనబడేదాన్ని బట్టి కారణం పట్టుకోవచ్చు. "బూటబుల్ డివైస్ లేదు" అంటే విండోస్ దాకా రాలేదన్నమాట. పాత మెషిన్ బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పట్టిక ఉన్న డిస్క్‌తో నడిచిందా అని చూడండి. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి యూఈఎఫ్ఐ తప్ప మరోటి లేదు. క్లోన్‌జిల్లా ఎంబీఆర్‌ను యూఈఎఫ్ఐకి కావాల్సిన జీపీటీ పట్టికగా మార్చదు. ఆ పని విండోస్ 10 1703 వెర్షన్ నుంచి వస్తున్న ఎంబీఆర్2జీపీటీ కమాండ్ చేస్తుంది. దీన్ని పాత మెషిన్‌లో నడపకండి, అది బయోస్ మాత్రమే తెలిసినదైతే ఆ తర్వాత లేవదు. రీస్టోర్ చేసిన కొత్త డిస్క్ మీద, విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, ముందు వాలిడేట్, అది పాసైతే కన్వర్ట్ ఇవ్వండి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించితే ఒప్పుకోదు. ఒకటి తగ్గించాలి. పాతది 32 బిట్ విండోస్ అయితే ఈ దారి మూసుకుపోయినట్టే. 64 బిట్ యూఈఎఫ్ఐ మీద అది లేవదు.

పాతదీ యూఈఎఫ్ఐయే అయి ఉండి కూడా లేవకపోతే, బూట్ ఎంట్రీ సమస్య. ఆ ఎంట్రీ డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డ్ మెమరీలో ఉంటుంది. రీస్టోర్ చివర్లో క్లోన్‌జిల్లా దాన్ని రాయడానికి ప్రయత్నిస్తుంది. కొన్ని బోర్డులు ఒప్పుకోవు. ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్‌లో డిస్క్‌పార్ట్ తెరిచి, 100 ఎంబీ దగ్గర్లో ఉండే ఫ్యాట్32 పార్టిషన్‌కి ఒక అక్షరం కేటాయించి, బీసీడీబూట్ కమాండ్‌తో విండోస్ ఫోల్డర్ నుంచి బూట్ ఫైళ్లు మళ్లీ రాయించండి. ఈ వాతావరణంలో మీ సీ డ్రైవ్ డీగానో ఈగానో కనబడొచ్చు, ముందు చూసుకోండి.

విండోస్ లోగో వచ్చి, చుక్కలు తిరిగి, 7బీ వస్తే అది డ్రైవర్ సంగతి. పైన చెప్పిన సేఫ్ మోడ్, వీఎండీ దగ్గరికి వెళ్లండి. లేచాక అరగంట వదిలేయండి, డ్రైవర్లు ఒక్కొక్కటే ఎక్కుతాయి, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అడుగుతుంది. తర్వాత పాత కంపెనీ యుటిలిటీలు, పాత గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ తీసేయండి. ఇంటెల్ నుంచి ఏఎండీకి మారడం విండోస్ 10కి పెద్ద సమస్య కాదు. విండోస్ 7 అయితే ఎన్‌వీఎంఈ డ్రైవర్ కూడా లోపల ఉండదు, దాన్ని కొత్త హార్డ్‌వేర్ మీద నిలబెట్టడానికి పడే శ్రమ గిట్టుబాటు కాదు.

యాక్టివేషన్ ఎడిషన్ మీద ఆధారపడుతుంది. ఈ రోజుల్లో బ్రాండెడ్ లాప్‌టాప్‌లో విండోస్ కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. మీరు తెచ్చింది హోమ్, లాప్‌టాప్ కీ హోమ్ అయితే మామూలుగా ఇంటర్నెట్ రాగానే యాక్టివేట్ అవుతుంది. తెచ్చింది ప్రో, ఉన్న కీ హోమ్ అయితే కాదు. పాతది విడిగా కొన్న రీటైల్ కీ అయితే మీ వెంట తెచ్చుకోవచ్చు, మెషిన్‌తో వచ్చిన ఓఈఎం కీ పాత బోర్డ్‌తోనే ఉండిపోతుంది. ఎస్ఎల్ఎంజీఆర్ కమాండ్‌కి డీఎల్ఐ జోడిస్తే ఏ రకమో చెబుతుంది. ఇది కొత్త మెషిన్ కొనకముందే చూసుకోవాల్సిన విషయం.

లినక్స్ అయితే

ఇక్కడ పని తేలిక. డెబియన్, ఉబుంటుల్లో బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఇనిట్ర్యామ్ఎఫ్ఎస్‌లో సాధారణంగా అన్ని డ్రైవర్లూ ఉంటాయి, చాలాసార్లు నేరుగా లేస్తుంది. ఫెడోరా మాత్రం ఉన్న హార్డ్‌వేర్‌కి సరిపడా మాత్రమే పెట్టుకుంటుంది. లేవకపోతే బూట్ మెనూలో రెస్క్యూ ఎంట్రీతో లేచి, డ్రాకట్ కమాండ్‌తో ఇనిట్ర్యామ్ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేయించండి. నెట్‌వర్క్ కార్డ్ పేరు మారుతుంది కాబట్టి స్టాటిక్ ఐపీ పెట్టుకున్న సర్వర్లు నెట్‌వర్క్ లేకుండా లేస్తాయి. పాత మెషిన్ కూడా నడుస్తూనే ఉండబోతుంటే మెషిన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కొత్తవి సృష్టించాలి. లేకుంటే డీహెచ్‌సీపీ నుంచి రెండిటికీ ఒకే ఐపీ వచ్చే అవకాశముంది.

ఎవరికి ఇది కాదు

నడుస్తున్న విండోస్ లోంచి కాపీ తీయడం, రోజూ మారినంతవరకే బ్యాకప్ తీసుకోవడం, ఇమేజ్‌లోంచి ఒక్క ఫైల్ బయటికి లాగడం క్లోన్‌జిల్లాకి రావు. మౌస్ లేని నీలం తెరలు చూసి భయపడేవాళ్లు రెస్క్యూజిల్లా వాడుకోవచ్చు. లోపల అదే పార్ట్‌క్లోన్, క్లోన్‌జిల్లా ఇమేజ్‌లను కూడా తెరుస్తుంది, బొమ్మలతో కూడిన తెర ఉంటుంది. ఒకే ఇమేజ్‌ను ఇరవై మెషిన్లకి ఎక్కించే కాలేజీ ల్యాబ్ అయితే, ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్ జనరలైజ్ చేయడం (ఆ ఒక్క మెషిన్‌కి చెందిన గుర్తులు తీసేయడం) తప్పనిసరి. విండోస్ ఎక్స్‌పీ మీద మాత్రమే నడిచే పాత సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు కొత్త బోర్డ్ మీద దాన్ని లేపే ప్రయత్నం మానుకోవాలి. దానికి వర్చువల్ మెషిన్ సరైన చోటు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి డిస్క్2వీహెచ్‌డీ ఉచితమే, డిస్క్‌ను నేరుగా వర్చువల్ డిస్క్‌గా మారుస్తుంది.

అంతా లేచి నడుస్తోందని పాత డిస్క్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. నెలాఖరు లెక్కలు, జీఎస్టీ రిటర్న్, ప్రింటర్‌లో ఒక పూర్తి జాబ్ దాటేదాకా దాన్ని పీకి, తేదీ రాసిన చీటీ అంటించి, బీరువాలో పెట్టండి.